చీరలు కట్టిన గట్టు మీదుగా కరెంటు తీగ

పోయిన ఆదివారం మీరు పొలం చూపించమన్నారు. నేను ఫోను పట్టుకుని గట్టు పొడవునా నడుస్తుంటే, పూణెలో మీ ముగ్గురి తలలు ఒకదాని మీద ఒకటి పడి చూస్తున్నాయి. చిన్నవాడే ముందు కనిపెట్టాడు. "నాయనమ్మా, మా చెట్లేవి?" అన్నాడు. అంతలో సిగ్నల్ పోయింది. పోవడమే మంచిదైంది. ఆ ప్రశ్నకు జవాబు ఫోనులో అరిచి చెప్పేది కాదు. నా గొంతు సంగతి మీకు తెలుసు కదా, పక్కన కూర్చున్నవాళ్లకే సరిగ్గా వినబడదు. అందుకే రాస్తున్నాను.

మీరు ఒక్కొక్కరు పుట్టినప్పుడు మీ తాత ఒక్కొక్క టేకు మొక్క నాటిన గట్టు అది. ఆ మూడు చెట్లూ ఇప్పుడు లేవు. ఎవరో దొంగతనంగా నరకలేదు, మేమే కొట్టించాము. కోపం తెచ్చుకోకుండా చివరిదాకా వినండి. ఇది ఏడుపు ముచ్చట కాదు. నా డెబ్బై ఏళ్లలో ఇంత హుషారుగా గడిచిన ఏడాది ఇంకొకటి లేదు.

మక్కచేను కంకి వేసే రోజుల్లో మొదలైంది ఇదంతా. ఒక పొద్దున నెత్తికి టోపీ, కాళ్లకు బరువైన బూట్లు వేసుకుని ఒక అమ్మాయి మన బావి దగ్గరికి వచ్చింది. వెనక ఇద్దరు పనివాళ్లు కట్టెమేకుల మోపు మోసుకొస్తున్నారు. పెద్ద కరెంటు లైన్లు వేసేచోట ఇంజనీరట. మానుకోట అవతల ఒక తండాలో పుట్టి పెరిగిన పిల్ల. వాళ్లమ్మతో ఫోనులో తమ ఇంటి భాషలో గడగడా మాట్లాడి, ఫోను పెట్టేసి నా వైపు తిరిగింది.

"అమ్మా, జర మంచినీళ్లిస్తరా?"

నీళ్లు తాగి, మోటరు డబ్బా మీద ఒక పొడవాటి కాగితం పరిచింది. మన పొలం, మన బావి, పక్కనున్న మీ చిన్ననాయనమ్మ పొలం అన్నీ అందులో ఉన్నాయి. వాటి మీద ఒక ఎర్రగీత, ఒక నీలిగీత.

"భూపాలపల్లి దిక్కు నుంచి లైన్ వస్తది. నాలుగు వందల కేవీ, అంటే నాలుగు లక్షల వోల్టులు. ఎర్రగీత అయితే మీ బాయి మీదికెళ్లి పోతది. నీలిగీత అయితే పక్కన గోడలు లేస్తున్నయ్ గద, ఆటి మీదికెళ్లి పోతది. రెండిట్ల ఒకటి."

"బాయి మీదికెళ్లి పోతే ఏమైతది బిడ్డా? తీగె పైన, నీళ్లు కింద" అన్నాను.

"నీళ్లకేం గాదు. మోటరు గూడ నడుస్తది. గని పూడిక తీసే క్రేన్ ఆడ నిలవెట్టొద్దు. గంత పెద్ద లైన్ కింద క్రేన్ చెయ్యి లేపితే మనిషి బతకడు."

నా చేతిలో చెంబు అక్కడే ఆగిపోయింది. మీరు నల్లా తిప్పితే నీళ్లొచ్చే చోట పెరిగిన పిల్లలు, మీకు చెప్పాలి. బావి అంటే ఒకసారి తవ్వి వదిలేసేది కాదు. ఏటా వానకు మన్ను, ఇసుక జారి లోపల పడుతుంది. రెండేళ్లకోసారైనా ఎండాకాలంలో క్రేను తెప్పించి, ఇనుప బొక్కెనతో ఆ పూడిక పైకి తోడాలి. తోడకపోతే నీటి ఊట మూసుకుపోతుంది. క్రేను నిలబడని బావి నాలుగైదేళ్లకు బురదగుంట అవుతుంది. ఆ బావిని మీ తాత, ఆయన తమ్ముడు కలిసి గడ్డపారలతో తవ్వారు. తమ్ముడు పోయాక కూడా రెండు పొలాలకూ అదే నీళ్లు, వంతుల వారీగా.

అంతలో నా తోటికోడలు, అంటే మీ చిన్ననాయనమ్మ, కొడవలి పట్టుకుని గట్టు మీదికి వచ్చింది. ఆ నడుము ఎత్తు గోడలు ఆమెవే. పెనిమిటి పోయాక మూడేళ్లుగా ఇటుక ఇటుక కూడబెట్టి పొలంలో రెండు గదులు కట్టుకుంటున్నది.

"ఏందక్కా, ఆ నీలిగీత నా ఇంటి మీదికెళ్లే పోతున్నదా?" అంది.

నేను రెండు గీతల మీదా వేలు పోనిచ్చి చూశాను. ఎర్రది వద్దంటే ఆమె ఇల్లు పోతుంది. నీలిది వద్దంటే నా బావి పోతుంది. నా బావి పోతే ఆమె పొలమూ ఎండిపోతుంది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోకుండా కాగితమే చూస్తూ నిలబడ్డాము.

"నెల దినాలకు మళ్ల వస్త. అప్పటిదాక ఆలోచన చెయ్యండ్రి. లైనే వద్దంటే మాత్రం నడ్వది" అని చెప్పి ఆ పిల్ల, మా చేనులో ఎర్ర రంగు కొసల మేకులు, పక్క చేనులో నీలి రంగు కొసల మేకులు పాతించి వెళ్లిపోయింది.

ఆమె పోయాక నా తోటికోడలు నవ్వింది. "అక్కా, కూరగాయల అంగట్ల గూడ ముందుగాల రెండే చూపిస్తరు. మంచిది గంప కింద ఉంటది. మనం గంప లేపుదాం పా."

అట్లా మొదలైంది మా ఇద్దరి కరెంటు చదువు.

భూపాలపల్లిలో మా ఆఖరి తమ్ముడు ఉన్నాడు కదా, కరెంటు పుట్టే ప్లాంటులో తీగలు బయటికి పోయే యార్డులో పనిచేస్తాడు. సద్ది కట్టుకుని ఇద్దరం బస్సెక్కాము. హనుమకొండలో బస్సు మారి, రేగొండ దాటినప్పటి నుంచీ కిటికీలోంచి టవర్లు కనబడడం మొదలైంది. ఇన్నేళ్లలో ఆ దారిన ఎన్నిసార్లు పోయానో, ఒక్కనాడూ వాటి వైపు తల ఎత్తి చూడలేదు. ఆ రోజు మాత్రం చిన్నపిల్లలమై లెక్కపెట్టాము. ఆమె ఎడమ కిటికీ, నేను కుడి కిటికీ. "గదో ఇంకోటక్కా!" అని ఆమె అరిస్తే కండక్టరు వెనక్కి తిరిగి చూశాడు.

మా తమ్ముడు గేటు దగ్గరే ఎగతాళి మొదలుపెట్టాడు. "డెబ్బై ఏండ్లకు బడిల చేరినవా అక్కా? పలక తెచ్చినవా?"

"పలక ఎందుకురా, నీ నెత్తి ఉన్నది గద నున్నగ" అన్నాను. మా తోటికోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కంచె బయట నిలబడి చూశాము. తీగలు లోపలి నుంచి లేచి, టవర్ల భుజాల మీదుగా దూరంగా పోతున్నాయి. ఇంత పెద్ద వోల్టేజి ఎందుకురా, మన మోటరుకు సరిపోయేదే ఇక్కడి నుంచి పంపితే పోదా అని అడిగాను. వాడు చెప్పిన జవాబు నేను ఇప్పటికీ పొలంలో నడుస్తూ గుర్తు చేసుకుంటాను.

"మన గట్టు మీదికెళ్లి వంద మూటల వడ్లు ఇంటికి చేర్చాలె అనుకో. మనిషికి కొన్ని కొన్ని ఇచ్చి వెయ్యి మందిని నడిపిస్తే ఏమైతది? గట్టంత అరుగుతది. మనిషికి పెద్ద పెద్ద మూట పెట్టి కొద్దిమందిని నడిపిస్తే గట్టు అరగదు. మూట బరువు వోల్టేజి. నడిచే మంది కరెంటు. మంది తక్కువైతే తీగె తక్కువ వేడెక్కుతది, దారిల పోయేది తక్కువ."

"మరి ఊర్లకొచ్చినంక ఆ పెద్ద మూట ఎవలు మోస్తరు?" అంది మా తోటికోడలు.

"ఆడ సబ్‌స్టేషన్ల చిన్న మూటలు కడ్తరు వదినా."

నాకు ఒళ్లు పులకరించింది. ఇంతకాలం ట్రాన్స్‌ఫార్మరు అంటే కాలిపోయేది, బాగుచేయించేది అనే తెలుసు. అది మూటలు విప్పి కట్టేదని ఎవరూ చెప్పలేదు.

ఇక గంప లేపడం మొదలుపెట్టాము. "భూమి లోపల పెట్టి తీసుకపోరాదా? బాయికి అడ్డం లేదు, ఇంటికి అడ్డం లేదు" అన్నాను.

"పట్నంల పెడ్తరు, ఇండ్ల నడుమ దారి లేక. గని పైన తీగె వేసుడు కంటె చాన పిరం. పైన అయితే గాలే పొర, ఉత్త తీగె సరిపోతది. లోపల అయితే తీగె సుట్టు పొరలు పొరలు కట్టాలె. ఏడనన్న చెడిపోతే ఎక్కడ చెడిందో వెతికి తవ్వాలె. దాని మీద బోరు వెయ్యొద్దు, లోతు తవ్వొద్దు. అక్కా, నీ బాయి పక్కన నువ్వే మళ్ల గడ్డపార ఎత్తలేవు."

"వద్దు వద్దు" అన్నాను. క్రేను బాధ తప్పించుకోబోయి గడ్డపార కూడా పోగొట్టుకునేదాన్ని.

మా తోటికోడలు ఊరుకోలేదు. బస్సులో ఎవరో డీసీ లైను అనగా విన్నదట. దాన్ని పట్టుకుంది. మా తమ్ముడు నవ్వి, మన ఇళ్లలో వచ్చేది ఏసీ అని, అది ఊయల లాగా సెకనుకు యాభైసార్లు ముందుకూ వెనక్కూ ఊగుతుందని, డీసీ కాలువ నీళ్ల లాగా ఒకే దిక్కు పోతుందని చెప్పాడు. ఏసీకి మూడు వరసల తీగలు కావాలి, డీసీకి రెండు చాలు. దారిలో నష్టమూ తక్కువ.

"రెండే అయితే సన్నగ పోతది గద! గదే వెయ్యుమను" అంది ఆమె.

"అది నాన్‌స్టాప్ బస్సు వదినా. దేశం ఈ కొస నుంచి ఆ కొసకు పోయేటోళ్లకు మంచిది. రెండు కొసలకు ఊయలను కాలువ చేసే పెద్ద పెద్ద కేంద్రాలు కట్టాలె. నడుమల దిగుతా అంటే ఆపరు. మీ లైన్ దగ్గరిది, దారిల సబ్‌స్టేషన్లకు దించాలె. పల్లెవెలుగు కావాలె మీకు."

ఇప్పటికీ ఆమె ఈ ముక్క ఊరంతా చెప్పుకుంటూ తిరుగుతుంది. డీసీ నాన్‌స్టాప్, ఏసీ పల్లెవెలుగు.

పది రోజులకు జనగామలో ఒక పెళ్లికి పోయాము. మండపానికి పోయే దారి పక్కన నాలుగు కాళ్ల టవరు కాకుండా, ఒకే ఒక్క లావాటి ఇనుప స్తంభం మీద పెద్ద లైను పోతున్నది. మా తోటికోడలు ఆటో ఆపించింది. పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని స్తంభం చుట్టూ అడుగులు వేసి కొలిచింది.

"అక్కా, దొరికింది! దీని కాలు ఎంత సన్నగున్నదో సూడు. బాయి పక్కన పెట్టినా అడ్డం రాదు."

నేను మెడ వెనక్కి వంచి పైకి చూశాను. కాలు సన్నమే. చేతులు మాత్రం మామూలు టవరుకున్నంత దూరం చాచి ఉన్నాయి. తీగలు ఆ చేతులకే వేలాడుతున్నాయి. మా బావికి బాధ కాలుతో కాదు, తీగతో. చేయి చూపించాను. ఆమె చూసి, "అగో, బక్కమనిషికి పెద్ద గొడుగు" అంది. ఆటోవాడు హారన్ కొట్టేదాకా ఇద్దరం నవ్వాము. ఆటో ఎక్కాకే అసలు సంగతి గుర్తొచ్చింది. గంప కింద ఏమీ మిగలలేదు. నెల దగ్గర పడుతున్నది.

అదే వారం అడవిపందులు దిగాయి. మక్కచేను ఒక మూల తొక్కి పారేశాయి. మీరు చిన్నప్పుడు చూసే ఉంటారు, మనవాళ్లు చేను చుట్టూ పాత చీరలు కడతారు. గాలికి కదిలితే పందులు మనుషులనుకుని బెదురుతాయి. చీరలు ఇంట్లో ఉన్నాయి. మీ అమ్మ పెళ్లినాటి పసుపు చీర కూడా, ఎలుక కొరికిందని మూటలో పెట్టినది, బయటికి తీశాను. కట్టెలే కరువు.

అప్పుడు మాకు ఆ మేకులు కనబడ్డాయి. గట్టి కట్టె, నున్నగా చెక్కినవి, ఒక్కోటి భుజం ఎత్తు. ఆ పిల్ల కాగితం మీద గీసుకుపోయింది, ఫోటోలు తీసుకుపోయింది, ఇక వీటి పని అయిపోయింది కదా అనుకున్నాము. ఎర్రవీ నీలివీ అన్నీ పీకాము. పందులు వచ్చేది బంచరాయి దిక్కు నుంచి. బంచరాయి అంటే బర్లు మేసే రాళ్లనేల, ఎవరి పట్టా కాదు. అందుకని గట్టు పొడవునా, బంచరాయి అంచు పట్టి వంపు తిప్పి, రెండు పొలాలకూ కలిపి మేకులు పాతి చీరలు కట్టాము. వంపు దగ్గరి మేకు రెండుసార్లు ఒరిగిపోయింది. మూడోసారి దానికి పంగలకర్ర ఆసరా పెట్టి, మొదట్లో రాళ్లు కూరాను.

ఇంజనీరు పిల్ల చెప్పిన రోజుకే వచ్చింది. వచ్చి చేను నడుమ నిలబడి అటు చూసింది, ఇటు చూసింది. పనివాడు మూడుకాళ్ల కొలత మిషను భుజం మీద నుంచి దించకుండా నోరు తెరుచుకుని ఉన్నాడు.

"అమ్మా, నా మేకులేవి?"

నేను చీరల వైపు చూపించాను. నా గొంతు ఇంకా చిన్నదైపోయింది. "పందులొచ్చినయి బిడ్డా. నీ పని అయిపోయిందనుకున్నం."

"మాకేమన్న దండుగ పడ్తదా మేడం?" అంది మా తోటికోడలు. "అయితే పసుపు చీర కట్టింది అక్క. నేను గాదు."

ఆ పిల్ల కాసేపు మమ్మల్ని చూసి గట్టు మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. "మా తండాల మా అమ్మ గూడ గిట్లనే కడ్తది. ఏం పరేషాన్ గాకుండ్రి. లెక్క మిషన్ల ఉంది, కట్టెలల్ల లేదు" అంది.

నవ్వుతూ నవ్వుతూనే ఆగింది. లేచి నిలబడి, ఎగురుతున్న చీరల వరస వెంట చూపు పోనిచ్చింది. గట్టు, వంపు, బంచరాయి, అవతల మళ్లీ లైను అసలు దారి. బావీ, గోడలూ రెండూ ఆ వరసకు దూరంగానే ఉన్నాయి.

"ఆ రాళ్లనేల ఎవలది?"

"అందరిది. బర్లు మేస్తయి."

"మరి ఎర్రగీత, నీలిగీత ఎందుకు గీసినం..." అని తనలో తనే అనుకుంటూ కాగితం పరిచి పెన్సిలు తీసింది. మిషను దింపించింది. మా చీరల వెంట నడిచింది, మేమూ వెంట నడిచాము. వంపు దగ్గర ఆగి, ఆసరా పెట్టిన మేకును చేత్తో ఊపి చూసింది.

"దీనికి రాళ్లెందుకు కూరిండ్రు?"

"రెండు దిక్కుల నుంచి చీరలు గుంజితే లోపలికి ఒరుగుతున్నది బిడ్డా. తిన్నగ ఉన్న కాడ మేకుకు బాధ లేదు. తిరిగే కాడనే బలం కావాలె."

ఆమె నా ముఖంలోకి చూసింది. "టవర్ గూడ గంతే అమ్మా. లైన్ తిరిగే కాడ టవర్ బరువుండాలె, పునాది పెద్దగుండాలె. అందుకే తిన్నగ గీస్తం. రెండు మలుపులంటే రెండు బరువు టవర్లు, తీగె గూడ ఎక్కువ. పైవాళ్లను ఒప్పియ్యాలె." పెన్సిలుతో గట్టు వైపు చూపించింది. "ఇంకోటి. గట్టు మీద మూడు టేకు చెట్లున్నయి. ఈ లైన్ కింద ఎత్తు పెరిగే చెట్టు ఉండొద్దు."

అప్పటిదాకా ఉన్న హుషారు ఒక్కసారి ఆగిపోయింది. మా తోటికోడలు నా చేయి పట్టుకుంది.

"అవి పిల్లల చెట్లు మేడం. వద్దక్కా. నా గోడలు కూలగొట్టుకుంట, ఇంకో దిక్కు కట్టుకుంట."

మీ తాత అంతసేపూ బావి ఒడ్డున కూర్చుని అన్నీ వింటున్నాడు. ఆయన మాటలు ఎంత తక్కువో మీకు తెలుసు. లేచి వచ్చి మూడు చెట్లనూ వరసగా తడిమాడు. మీ పెద్దదాని చెట్టు దగ్గర కొంచెం ఎక్కువసేపు నిలబడ్డాడు.

"నాటింది నేను. మొక్క మళ్ల యాడనన్న నాటొచ్చు. బాయి మళ్ల తవ్వే సత్తువ నాకు లేదు, తవ్వనీకి తమ్ముడు లేడు. గీ గీతనే గియ్యి బిడ్డా" అన్నాడు.

ఆమె పచ్చ పెన్సిలుతో మూడో గీత గీసింది.

ఆ తర్వాత రెండు నెలలు ఫోను మోగితే చాలు ఉలిక్కిపడేదాన్ని. ఒకరోజు వరి నారు పీకుతుంటే మోగింది. చేతికి బురద, ఎత్తేదెట్లా? మా తోటికోడలు ఎత్తి నా చెవికి ఆనించింది.

"అమ్మా, పచ్చది ఒప్పుకున్నరు" అంది ఆ పిల్ల. చెప్పి గట్టిగా నవ్వింది. ఆమె కూడా ఎంత కొట్లాడిందో అప్పుడు తెలిసింది. మా తోటికోడలు ఫోను జేబులేని జాకెట్లో దోపుకుని, మడిలో చిందులు వేసి, జారి కూర్చుంది.

తీగలు లాగిన రోజు మీరు ఉండాల్సింది. ముందుగా తుమ్మెద లాగా ఒక డ్రోను లేచింది. దాని తోకకు సన్నటి దారం. ఒక టవరు నుంచి ఇంకో టవరుకు దారం మోసుకుపోయింది. దారంతో తాడు, తాడుతో లావు తాడు, లావు తాడుతో తీగ. ఊరు ఊరంతా బంచరాయి మీద నిలబడి చూసింది. వంపు దగ్గరి టవరును పనివాళ్లు చీరల టవరు అని పిలిచేవారు. నేను దాని పునాది చూశాను. రాళ్లు బాగానే కూరారు.

మీ చెట్లు దర్వాజకు పనికొస్తాయేమో అనుకున్నాము. ఇంకా ముదరలేదన్నాడు వడ్రంగి. కిటికీలకు సరిపోతాయన్నాడు. మీ చిన్ననాయనమ్మ ఇంటికి మూడు కిటికీలు పెట్టించింది. తూర్పుది పెద్దది, పెద్దదాని చెట్టు. వంటగదిది నడిపివాడిది. చిన్నవాడి చెట్టు సన్నది కాబట్టి చిన్న కిటికీ, దాంట్లోంచి సరిగ్గా బావి కనబడుతుంది. వచ్చినప్పుడు ఎవరి కిటికీలో వాళ్లు కూర్చోండి. మళ్లీ మూడు మొక్కలు ఇంటి వెనక, తీగకు దూరంగా నాటాడు మీ తాత.

నిన్ననే క్రేను వచ్చింది. రెండేళ్ల పూడిక. బండి దిగుతూనే క్రేను అతను చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని ఆకాశం చూశాడు.

"అమ్మా, పైన తీగెలేమన్న ఉన్నయా?"

"ఏం లేవు!" అన్నాము ఇద్దరం ఒక్కసారే. నా గొంతు ఆమె గొంతుకన్నా పెద్దగా వచ్చింది.

క్రేను చెయ్యి లేచింది. మొదటి బొక్కెన నల్లటి బురదతో పైకి వచ్చి ఒడ్డున బోర్లా పడింది. నేను వంగి లోపలికి చూశాను. అడుగున, రాయి సందులోంచి ఊట మళ్లీ కదులుతున్నది.